మంచం తిరగని గుమ్మం

ఆ సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు బల్లిలా గోడకి అతుక్కుపోవాల్సిందే. ఎవరు అతుక్కోవాలనేది వయసుని బట్టి, చేతిలో ఉన్న బరువుని బట్టి, ముందురోజు కుళాయి దగ్గర ఎవరికి ఎవరితో చెడిందనేదాన్ని బట్టి తేలుతుంది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు మోచేతులు గీరుకుని గీరుకుని నేర్చుకుంటారు. అక్కడే పుట్టిన పిల్లలైతే పరిగెడుతూనే ఎండ్రకాయల్లా పక్కకి తిరిగి దూసుకుపోతారు, లోకంలో సందులన్నీ ఇంతే ఉంటాయనుకుంటారు వాళ్ళు.

నిజానికి మొదట్లో అది అంత ఇరుకేం కాదు. ఇరుకు చేసుకున్నది అక్కడివాళ్ళే, అదీ ఎవరి మీదా పగతో కాదు. ఒకాయన వాన నీళ్ళు లోపలికి రాకుండా గుమ్మం ముందు మెట్టు కట్టాడు. ఎదురింటావిడ 'ఆయన కట్టగా లేనిది నాకేంటి' అని నీళ్ళ డ్రమ్ము బయట పెట్టింది. పక్కింటికి కోడలొచ్చింది, ఇల్లు జానెడు ముందుకి జరిగింది. మనవడు పుట్టాడు, ఇంకో జానెడు. ఇళ్ళన్నీ రేకులూ చెక్కలూ సగం సగం ఇటుకలూ కాబట్టి జరపడం పెద్ద పనేం కాదు, సెలవు రోజు ఇద్దరు బావమరుదులు దొరికితే చాలు. ఇన్నేళ్ళలో ఒక్క ఇల్లు కూడా వెనక్కి జరిగిన దాఖలా మాత్రం లేదు.

ఈ సందుకి నడిమధ్యలో మిషనక్క ఇల్లు. ఆవిడకీ కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చునే మనిషిని మిషనక్క అనక ఇంకేమంటారు. గౌన్లూ, చొక్కాలూ, బడిపిల్లల నిక్కర్లూ, కర్టెన్లూ, ఒకసారైతే ఎవరిదో కుక్కకి చలికోటు కూడా కుట్టింది, అది తొడుక్కున్నాక ఆ కుక్క మిగతా కుక్కల్ని లెక్కచెయ్యడం మానేసిందని సందంతా చెప్పుకున్నారు. మొగుడు లారీ మీద పోతాడు, ఎప్పుడొస్తే అప్పుడొచ్చినట్టు. ఇంట్లో ఉండేది ఆవిడా, అత్తగారూ. అత్తగారు కిందటేడు కాక ఆ ముందేడు కుళాయి దగ్గర నాచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. లోపల రాడ్ వేశారు, కట్టు విప్పారు, మందులిచ్చారు, నడక మాత్రం తిరిగి రాలేదు. కాళ్ళు మంచానికి అప్పగించేసినా నోరు మాత్రం ఇంకా సందులో తిరుగుతూనే ఉంటుంది. ఏ చెప్పుల చప్పుడు ఎవరిదో పడుకునే చెప్పేస్తుంది, చెప్పి ఊరుకోదు, ఆ చెప్పులేసుకున్నవాళ్ళ ఏడుతరాలూ చెప్తుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో పక్క సందులో మంటలు లేచాయి. ఎవరో వైరుకి వైరు ముడేశారు, ఆ ముడికి ఇంకొకరు ఇంకో ముడేశారు, మిట్టమధ్యాహ్నం అందరి ఫ్యాన్లూ ఒకేసారి తిరిగేసరికి ఆ ముడి దగ్గర చిటుక్కుమంది, ఇంక చూస్కోండి. అదృష్టం బాగుండి అందరూ మెలకువగానే ఉన్నారు, ప్రాణాలకేం కాలేదు గానీ ఇళ్ళు మాత్రం వరసపెట్టి పోయాయి. ఫైరింజను రావడమైతే వచ్చింది, వచ్చి మెయిన్ రోడ్డు మీదే గంట కొట్టుకుంటూ నిలబడింది, దూరడానికి దారేది లోపలికి.

కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళిన మిషనక్క ఆ పొగ చూసి తమ సందే అనుకుంది. సంచి ఎక్కడ పడేసిందో ఆవిడకే తెలీదు, చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు, ఆ ఎండలో ఉత్తకాళ్ళతో పరిగెత్తుకొచ్చింది. వచ్చేసరికి అత్తగారు నిక్షేపంగా విసనకర్రతో విసురుకుంటూ, "ఏమే, ఎవరో ఏదో మాడబెట్టారు, నువ్వు కాదుగా?" అంది.

మిషనక్కకి నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే గుమ్మంలో కూలబడిపోయింది. ఆ రోజు నుంచీ ఆవిడకి ఒకటే దిగులు. కాళ్ళున్నవాళ్ళు పరిగెడతారు సరే, తను ఇంట్లో లేనప్పుడు అలాంటిదేదైనా అయితే అత్తని బయటికి తెచ్చేదెవరు?

ఈ దిగులు మిగతావాళ్ళకీ ఏదో ఒక రూపంలో ఉంది కాబట్టి కమిటీ అనేదొకటి పుట్టింది. మొదటిరోజు అందరూ ఒకేసారి మాట్లాడారు, అందుకని ఏమీ తేలలేదు. తర్వాత వెల్డరు తమ్ముడు పెత్తనం తీసుకున్నాడు. వెల్డింగు షాపులో పనిచేసే కుర్రాడు, రోజంతా రవ్వల్లో బతికేవాడు కాబట్టి నిప్పు సంగతి తనకే తెలుసని వాడి నమ్మకం, ఆ నమ్మకాన్ని కాదనే ఓపిక ఎవరికీ లేకపోయింది. పోనీలే అని ఊరుకుంటే నిజంగానే పని చేసి చూపించాడు. ముడేసిన వైర్లన్నీ పీకించాడు, అక్కడక్కడా ఇసుక బకెట్లు వేలాడదీయించాడు, లారీ చక్రం రిమ్మొకటి సందు మొదట్లో కట్టి ఇదే గంట అన్నాడు. గంట మోగితే ముందు పిల్లలు, తర్వాత గ్యాసు బండలు, ఆ తర్వాత మంచం. ఏ మంచమో ఎవరూ అడగలేదు. సందులో లేవలేని మనిషి ఒక్కరే.

పేచీ అంతా సందు వెడల్పు దగ్గరొచ్చింది. ఎవరెంత వెనక్కి జరగాలో తేల్చడానికి మిషనక్క టేపు తెచ్చింది. టేపు పెట్టి కొలిస్తే ఒక్కో ఇంటి దగ్గర ఒక్కో రభస, నువ్వు వదులుగా పట్టావు, కాదు నువ్వే బిగించి లాగావు, మీ చుట్టాలింటి దగ్గర మాత్రం చూసీ చూడనట్టు పోయావు. ఇలా కాదని వెల్డరు తమ్ముడు మిషనక్క ఇంటికొచ్చి అత్తగారి పైపు మంచం కొలుచుకుని, దానికి ఇటొక మనిషీ అటొక మనిషీ నడిచేంత చోటు కలిపి, సన్న ఊచలతో ఒక ఫ్రేము చేసుకొచ్చాడు. దీనికి నోరు లేదు, చుట్టాలూ లేరు, ఇది పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తాం, ఎక్కడ తగిలితే అక్కడ ఇంటివాళ్ళు తప్పుకోవాలి, అంతే, అన్నాడు. సందువాళ్ళు దానికి పెళ్ళికొడుకని పేరు పెట్టేశారు. వాడొస్తుంటే అందరూ దారివ్వాలి కదా మరి.

పెళ్ళికొడుక్కి ఒక చివర వెల్డరు తమ్ముడు, ఇంకో చివర మిషనక్క. అబ్బో, ఆ రోజుల్లో ఆవిడని చూడాలి. కుట్టుపని సగం మానేసి ఇల్లిల్లూ తిరిగింది. మెట్టున్న చోట మెట్టు కొట్టించింది, డ్రమ్మున్న చోట డ్రమ్ము లోపలికి దొర్లించింది, బతిమాలే చోట బతిమాలింది, కసిరే చోట కసిరింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ ఊరు మంచిదవ్వాలంటే ఒక్కోసారి నోరు కొంచెం చెడ్డగా ఉండాలని ఆవిడ పాలసీ.

అన్నిటికంటే గట్టి గొడవ ఎదురింట్లో. అక్కడుండేది పాతసామాన్ల బాబాయ్, ఊరంతా తిరిగి కాగితాలూ అట్టపెట్టెలూ ఇనుమూ ప్లాస్టిక్కూ కొనుక్కొచ్చి గుమ్మం ముందు మూటలు మూటలుగా పేరుస్తాడు. పెళ్ళికొడుకు ఆ మూటలకి తగిలి ఆగిపోయాడు. అట్టలకి నిప్పంటుకుంటే సందంతా పోతుంది బాబాయ్ అంది మిషనక్క. మూటలు తీస్తే నేను పోతానమ్మా అన్నాడాయన. ఎక్కడ పెట్టుకోను, నెత్తి మీదా? రోడ్డు చివర పాత షెడ్డు ఖాళీగా ఉందిగా అంది ఆవిడ. అంతదూరం మొయ్యాలంటే నడుం విరుగుతుందన్నాడు. విరిగితే నిన్ను కూడా మంచం మీదే మోస్తాం, దానికోసమేగా ఈ తంటాలన్నీ, అంది. సందంతా గొల్లుమంది. బాబాయ్ నవ్వలేదు. మర్నాడు మూటలన్నీ మోసుకెళ్ళి షెడ్డులో పడేసి, ఆ రోజు నుంచి మిషనక్కతో మాటలు కట్ చేశాడు.

పెళ్ళికొడుకు మిషనక్క గుమ్మం ముందుకీ వచ్చాడు. అక్కడ గోడ వెంబడి ఇటుకలతో కట్టి సిమెంటు పూసిన అరుగుంది, దాని మీద రేకు చూరు, చూరు కింద మిషను. ఆవిడ బతుకంతా ఆ అరుగు మీదే. లోపలి గదికి కిటికీ లేదు, పట్టపగలు కూడా నల్లబట్ట మీద నల్లదారం వేస్తే కుట్టెక్కడుందో చేత్తో తడుముకోవాలి, ఈ అరుగు మీదైతే వెలుతురు కళ్ళల్లోకొచ్చి పడుతుంది. ఫ్రేము అరుగు అంచుకి చిన్నగా గీరుకుంది. అందరూ ఆవిడ మొహం వైపు చూశారు. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఉలీ సుత్తీ తెచ్చి అంచు చెక్కేసింది. పెళ్ళికొడుకు నున్నగా జారుకుంటూ వెళ్ళిపోయాడు. చూశారా, నాకో న్యాయం మీకో న్యాయం కాదు, అని ఆవిడ అనలేదు గానీ నడకలో తెలిసిపోయింది.

మంటొస్తే ఎలా బయటపడాలో చేసి చూసుకోవడానికి డ్రిల్లు సెలవురోజు పొద్దున్న పెట్టుకున్నారు. సందు లోపలి చివర ఎర్ర గుడ్డొకటి కట్టి అదే మంట అనుకోవాలన్నారు. అత్తగారు తెల్లారకముందే లేచి కూర్చుంది, జుట్టు దువ్వమంది, పెట్టెలో ఉన్న మంచిబట్టలు తియ్యమంది, మొహానికి పౌడరు కూడా కావాలంది. నిప్పంటుకున్నప్పుడు పౌడరు రాసుకుంటారా అత్తా అంటే, నిజం నిప్పైతే వద్దు, ఇది ఉత్తుత్తి నిప్పేగా, నలుగురూ చూస్తారు, అంది.

రిమ్ము మోగింది. పిల్లలు ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని రైలుబండిలా బయటికెళ్ళారు. గ్యాసు బండలు దొర్లాయి. మంచం పట్టుకోవడానికి నలుగురు కుర్రాళ్ళు లోపలికొచ్చారు, ముందు వెల్డరు తమ్ముడు. ఎత్తారు. అత్తగారు అటూ ఇటూ చూసి చెయ్యి కూడా ఊపింది. కాళ్ళవైపు ముందుగా మంచం గుమ్మం దాటింది, అలా వస్తూ వస్తూ టక్కుమని ఎదురింటి గుమ్మంలోకి దూరి ఆగిపోయింది.

ఇప్పుడు ఎడమకి తిప్పాలి, మెయిన్ రోడ్డు అటే. తిప్పబోతే అరుగు అడ్డం. కుడికి తిప్పి వెనక్కొద్దామంటే కరెంటు స్తంభం. పైకెత్తుదామంటే చూరు రేకు. కొంచెం పక్కకి ఒంచి చూశారు, అత్తగారు జారబోయి స్తంభాన్ని వాటేసుకుంది. కాళ్ళు ఎదురింట్లో, తల తన ఇంట్లో, మధ్యలో సందు. వెనకున్నవాళ్ళు ముందుకి రాలేరు, ముందున్నవాళ్ళు వెనక్కి పోలేరు.

లోపల టీ తాగుతున్న పాతసామాన్ల బాబాయ్ తన గుమ్మంలోకొచ్చిన కాళ్ళని కాసేపు చూశాడు. ఇన్నాళ్ళకి నోరు విప్పాడు.

"రండి వదినా, కాళ్ళు ముందొచ్చేశాయి. మిగతా మీరెప్పుడొస్తారు?"

"టీ చల్లారేలోపు వస్తానయ్యా, ఓ గ్లాసు ఉంచు," అంది అత్తగారు.

ఇంక నవ్వులే నవ్వులు. మంచం మోసేవాళ్ళు నవ్వి నవ్వి చేతులు పట్టుతప్పి దించేశారు. మిషనక్క మాత్రం నవ్వలేకపోయింది. వెల్డరు తమ్ముడు తల గోక్కుంటూ ఫ్రేము తెచ్చి చూశాడు, సందులో బ్రహ్మాండంగా పోతోంది, అటూ పోతోంది ఇటూ పోతోంది. అప్పుడు వాడికి వెలిగింది. సందు పొడుగునా కొలిచాం అక్కా, గుమ్మంలోంచి తిరిగే మలుపు కొలవలేదు, అన్నాడు మెల్లగా.

ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు ఇదే మంచం మీద ఇదే గుమ్మంలోంచి లోపలికి తెచ్చాం కదా అని ఎవరో అడిగారు. తెచ్చారు. ఎందుకంటే అప్పటికి అరుగు లేదు. మందుల ఖర్చు పెరిగి, పని ఎక్కువ పెట్టుకుని, చీకట్లో కళ్ళు పోతున్నాయని ఆ తర్వాత కట్టించింది మిషనక్క. లేవలేని మనిషి బయటికెందుకొస్తుంది అని ఆ రోజు ఎవరూ అనుకోలేదు, అసలా ఆలోచనే రాలేదు. అరుగు కట్టారు, అత్త లోపలుండిపోయింది.

బాబాయ్ గ్లాసు కడుక్కుంటూ గోడకి చెప్పినట్టు చెప్పాడు, గురివింద గింజకి తన కింద నలుపు కనపడదటమ్మా అని. వేరే రోజైతే మిషనక్క ఆ మాటకి పది మాటలు కుట్టి ఇచ్చేది. ఆ రోజు తల వంచుకుని మంచం లోపలికి తోయించి తలుపు దగ్గరికి వేసుకుంది.

లోపల చీకటి. అత్తగారి మొహం మీద పౌడరు ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. అవసరమైతే ఎవరో ఒకరు చేతుల మీద ఎత్తుకొచ్చేస్తారులే అని అప్పటికే ఇద్దరు ముగ్గురు ధైర్యం చెప్పి వెళ్ళారు. కానీ తుంటి ఒంగితే ఆవిడ పెట్టే కేక ఎలా ఉంటుందో మిషనక్కకి తెలుసు, రోజూ పక్క మార్చేది తనే. పొగలో, తొక్కిసలాటలో, ఆ మనిషిని చేతుల మీద ఎవరు తెస్తారు?

"అత్తా, నేను చూసుకోలేదు," అంది.

"నేను చూశా," అంది అత్తగారు. "సిమెంటు పూసిన రోజే చూశా. మేస్త్రి ఇటుకలు పేరుస్తుంటే ఇక్కడ్నుంచి కనపడుతూనే ఉంది. అయ్యో, ఇంక మన మంచం తిరగదు అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే కట్టించేదానివా?" అత్తగారు విసనకర్ర తీసుకుంది. "ఆ రోజు మిషను దాని మీద పెట్టుకుని, సూదిలో దారం మొదటిసారికే ఎక్కిందని నువ్వు నవ్వావే. ఈ ఇంటికొచ్చాక నువ్వలా నవ్వడం అప్పుడే చూశా. ఒక మంచం తిరక్కపోతే ఏమైందిలే అనుకున్నా. నేనెక్కడికెళ్ళాలి, ఎవరు పిలుస్తున్నారు నన్ను?"

మిషనక్క లేచి అత్తగారి మొహం తడిగుడ్డతో తుడిచింది, గట్టిగానే తుడిచింది, చర్మం ఊడొస్తుందే అని ఆవిడ తిట్టేదాకా తుడిచింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు మిషనక్క పాము చావకుండా కర్ర విరక్కుండా ఏదైనా దారుంటుందేమోనని వెతికింది. స్తంభం కదపమని కరెంటాఫీసులో అడుగుదామా అంటే, ముందు మీ ఇల్లక్కడ ఎందుకుంది అని వాళ్ళడుగుతారు, ఆ ప్రశ్న సందులో ఎవరికీ నచ్చదు. పక్కగోడకి తలుపు పెడదామా అంటే ఆ గోడ అవతల వేరేవాళ్ళ వంటగది. మంచం పొట్టిది చేస్తానన్నాడు వెల్డరు తమ్ముడు ఉత్సాహంగా, అత్తగారు నా కాళ్ళు కూడా కోస్తావా నాయనా అంది. వాడు మళ్ళీ ఆ మాటెత్తలేదు.

మిగిలింది అరుగే. అది పగిలితే మిషను లోపలికెళ్ళాలి, లోపల వెలుతురు లేదు, వెలుతురు లేకపోతే పని సగం, పని సగమైతే ఇద్దరికీ తిండీ మందులూ ఎలా? మిషను ముందు కూర్చుంటే అరుగు పోగూడదనిపిస్తుంది, లోపలికెళ్ళి అత్తని చూస్తే ఉండగూడదనిపిస్తుంది. పైగా అత్తగారు కనిపెట్టేసి ముందే హెచ్చరించింది, దాని మీద గునపం పడిందంటే నా మీద పడ్డట్టే, తిండి మానేస్తా చూస్కో, అని.

ఆ వారం చివర్లో ఒక పొద్దున్న మిషనక్క గునపం అరువు తెచ్చుకుంది. మిషను లోపలికి జరిపింది, దారం రీళ్ళన్నీ ఒక సంచిలో పోసింది, చూరు రేకు విప్పేసింది, అరుగు ఎదురుగా నిలబడింది. ఇంకో ఆలోచన రాకముందే మొదటి దెబ్బ వేసింది. సిమెంటు పెచ్చు లేచింది.

లోపల్నుంచి అత్తగారు మొదలుపెట్టింది. ఆ తిట్లు సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినపడ్డాయి, కోడలి పుట్టింటివాళ్ళ దగ్గర మొదలై, అరుగు కట్టిన మేస్త్రి మీదుగా, గునపం అరువిచ్చినవాళ్ళ దాకా వచ్చాయి. మిషనక్క ఆగలేదు. ఒక్కో దెబ్బకీ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, దుమ్ము పడిందని అనుకోవాలి అందరూ, అనుకున్నారు కూడా, ఎవరూ దగ్గరికి రాలేదు.

వచ్చింది పాతసామాన్ల బాబాయే. కాసేపు తన గుమ్మంలో నిలబడి చూశాడు. చూసి చూసి, గునపం అలా పట్టుకుంటే అరుగు కంటే ముందు నీ మణికట్టు విరుగుతుందని లాక్కుని తను మొదలెట్టాడు. ఇటుకలన్నీ ఊడగొట్టి, పనికొచ్చేవి ఒక పక్క, ముక్కలొక పక్క పేర్చాక, చెమట తుడుచుకుంటూ ఇంట్లోకి తొంగిచూశాడు. ఇంత చీకట్లో ఎలా ఉంటున్నారమ్మా అన్నాడు. ఎదురుగా ఉండి ఇన్నేళ్ళలో లోపలికి చూడటం అదే మొదటిసారంట.

"నువ్వు మూటలు షెడ్డుకి మొయ్యబట్టి నాకు నీ గుమ్మం కనపడుతోంది బాబాయ్," అంది మిషనక్క ముక్కు చీదుకుంటూ. "నా మీద కోపం పోయిందా?"

"పోలేదు," అన్నాడాయన. "నడుం నొప్పి పోయాక పోతుంది."

అనేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి షెడ్డు దగ్గర్నుంచి నెత్తి మీద ఏదో పెట్టుకుని వచ్చాడు, వెనక వెల్డరు తమ్ముడు. ఎక్కడో పాత గోదాము కూల్చినప్పుడు కొన్న ప్లాస్టిక్ రేకు, వెలుతురు లోపలికి దిగేది, ఇనుము కాదు కాబట్టి ఎవరూ కొనక ఓ మూల పడుందంట. ఇద్దరూ పైకెక్కి కప్పులో ఒక ఇనప రేకు తీసేసి ఇది బిగించారు. బిగించగానే గదిలోకి వెలుతురు ధారగా దిగింది. మిషనక్క గబగబా మిషను దాని కిందకి లాగి, నల్లదారం తీసుకుని సూదిలో పెట్టింది. ఎక్కింది.

ఒకటే చిక్కు. ఆ రేకు ఆకుపచ్చది. తెల్ల చొక్కా పచ్చగా, పసుప్పచ్చ గౌను ఇంకా పచ్చగా, అన్నీ ఒక్కలాగే కనపడుతున్నాయి. మొదటిరోజే ఎవరిదో నీలం నిక్కరు బూడిదరంగు దారంతో కుట్టేసి మళ్ళీ విప్పుకుంది. అప్పట్నుంచి దారం రంగు చూసుకోవాలంటే గుమ్మంలోకెళ్ళి చూసుకుని రావాలి, రోజుకెన్నిసార్లు తిరుగుతుందో, వెనకటికంటే పని కొంచెం నెమ్మదే. అయినా సాగుతోంది. మేస్త్రీలా గునపం పట్టిన కోడలితో మాట్లాడనని భీష్మించుకున్న అత్తగారు అద్దంలో మొహం చూసుకుని, ఇంత వయసొచ్చాక నన్ను చిలకని చేశారు కదే అని నోరు విప్పాల్సొచ్చింది. ఆ పూట అన్నం కూడా తినేసింది. పైగా ఇప్పుడు బట్టలివ్వడానికొచ్చేవాళ్ళంతా మంచం పక్కనే నిలబడాలి కాబట్టి సందు వార్తలన్నీ ఆవిడకి గుమ్మం దాటి వస్తున్నాయి. కొలతలు తీసుకునేటప్పుడు మధ్యలో దూరి, నడుం దగ్గర ఇంకాస్త వదులుంచవే, ఈ పిల్ల ఇంకా లావెక్కుతుంది, అని సలహాలు కూడా ఇస్తోంది. ఒకరిద్దరు వేరే టైలరుని చూసుకున్నారు.

రెండో డ్రిల్లు పెట్టారు. ఈసారి ఫ్రేముని సందులోనే కాదు, ప్రతి గుమ్మంలోంచీ తిప్పి చూశాడు వెల్డరు తమ్ముడు, ఇంకో రెండిళ్ళ దగ్గర తగిలింది, అక్కడా కొట్టించారు. రిమ్ము మోగింది. పిల్లలు, బండలు, మంచం. అత్తగారికి పౌడరు రాశారు. కాళ్ళు గుమ్మం దాటాయి. అరుగు ఉండాల్సిన చోట ఖాళీ, ఆ ఖాళీలోకి మంచం ఎడమకి తిరిగింది, గోడకి గోరంత దూరంలో, ఎక్కడా తగలకుండా తిరిగింది. పక్కన నడుస్తున్న మిషనక్క చెయ్యి ఆ గోడకి అడ్డుపెట్టింది, తగిలితే తన చేతికే తగలాలని. తగల్లేదు.

సందులోకొచ్చాక అత్తగారు మాట్లాడటం మానేసింది. అది ఎంత వింతో, మోసేవాళ్ళు కంగారుపడి ఏమైంది పెద్దమ్మా అని అడిగారు కూడా. ఏం కాలేదురా, చూస్తున్నా, అంది. ఇన్నాళ్ళూ చప్పుళ్ళతో తెలిసిన ఇళ్ళు, ఎవరు రంగేశారు, ఎవరి తలుపు మారింది, ఎవరి గోడ మీద పిల్లలు బొమ్మలు గీశారు, అన్నీ తల తిప్పి తిప్పి చూసింది. సందు మొదటికొచ్చేసరికి నోరు తిరిగొచ్చింది. ఆ డ్రమ్ము మళ్ళీ బయటికొచ్చిందేం, ఆ వైరు అంత కిందికి వేలాడుతోందేం, ఎవరిల్లది, పిలవండి, అని మంచం మీద నుంచే పురమాయించింది. పిలిచారు. డ్రమ్ము లోపలికెళ్ళింది.

మెయిన్ రోడ్డు పక్కన ఎండ పడని చోట మంచం దించారు. బస్సులు పోతున్నాయి, బళ్ళు పోతున్నాయి, ఎవరో ఐసు బండి తోసుకుంటూ పోతున్నాడు. పాతసామాన్ల బాబాయ్ టీ గ్లాసు తెచ్చి అందించాడు, వేడిగా. అందరం బయటికొచ్చేశాం, డ్రిల్లు బ్రహ్మాండంగా అయింది, అని వెల్డరు తమ్ముడు చప్పట్లు కొట్టి, మళ్ళీ నలుగుర్నీ పిలిచి మంచం ఎత్తబోయాడు.

"ఏం చేస్తున్నావురా?" అంది అత్తగారు.

"ఇంటికి పెద్దమ్మా. అయిపోయింది."

అత్తగారు టీ ఊదుకుంటూ, సందు ఆ చివర ఇంకా ఊగుతున్న ఎర్రగుడ్డ వైపు చూసింది.

"మంట ఇంకా ఆరలేదు నాయనా. ఆరాక నేనే చెప్తా, అప్పుడెత్తుదురు గానీ."

వెల్డరు తమ్ముడు మిషనక్క మొహం చూశాడు. మిషనక్క చెప్పులు విడిచి, మంచం చివర అత్తగారి కాళ్ళ దగ్గర చోటు చేసుకుని కూర్చుంది.